ప్లాస్టిక్ కుర్చీల విమానం

అశోక్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా ఇంగ్లీషు వచ్చేస్తుందని నమ్మిన రోజులవి. నేనూ నమ్మాను. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి రోజూ నడిచి, రెండో అంతస్తులో ఉన్న శిక్షణ గదికి చేరేవాణ్ణి. విమానాశ్రయంలో కౌంటర్ ఉద్యోగానికి మా సార్ ఒక్కరి పేరే సిఫారసు చేస్తానన్నారు. అది నా పేరే కావాలి. గదిలో పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో దారి, అదే మా విమానం. (సార్‌తో సహా మాలో ఎవరూ అసలుది ఎక్కలేదు.) గుమ్మం దగ్గర ఆగి, అట్టముక్క టికెట్ చూపి, విమానం ఎక్కడం, అది లేవడం, వాలడం గురించి మూడు ఇంగ్లీషు వాక్యాలు తప్పు లేకుండా చెబితేనే కుర్చీ. లేకపోతే వరండాయే.

నేను మొదటి వాక్యంలోనే 'ఇన్ ద ప్లేన్' అనేవాణ్ణి. 'ఆన్' అనాలని సార్.

"లోపల కూసుంటం గద సార్. మీద కూసుంటే గాలికి కొట్టుకపోమా?"

"కారుకైతే ఇన్, విమానానికి ఆన్. గంతే. ఎందుకని అడగకు."

"అడిగితే ఏంది సార్?"

"అడిగెటోళ్లకు బస్సే గతి. దిగు."

(ఎక్కనేలేదు, ఎక్కణ్ణుంచి దిగను?) అందరూ నవ్వారు. కిటికీ పక్కన కూర్చునే, నారాయణగూడ నుంచి వచ్చే అక్క అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. సరైన మాట నాకు రాక కాదు, మొదటి రోజే వచ్చింది. కారణం చెప్పందే అననని నా పంతం. శిక్షణ జరిగిన మూడు వారాలూ వరండాలోనే గడిచాయి. ఉద్యోగానికి అక్క వెళ్లింది. నేను హిమాయత్‌నగర్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో చేరాను.

పోయినేడు ఆ దుకాణం పని మీదే మొదటిసారి విమానం ఎక్కాల్సి వచ్చింది. తలుపు దగ్గర ఎయిర్‌హోస్టెస్ నమస్కారం పెట్టగానే నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. టికెట్ చూపి, చేతులు కట్టుకుని, మూడు వాక్యాలూ అప్పజెప్పాను. 'ఆన్' అనే అన్నాను. నా వెనక వరస మొత్తం ఆగిపోయింది. "అన్నా, జర నడువు" అని ఎవరో విసుక్కున్నారు. ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వంక చూసి, మెల్లగా తెలుగులోనే అంది: "లోపలికి రండి సార్. మీది కిటికీ సీటు."

కూర్చున్నాక, సార్ మీద ఇన్నేళ్లుగా దాచుకున్న ఫిర్యాదంతా వరసగా గుర్తుచేసుకున్నాను. ఒక్క మాటా మరచిపోలేదు. అయినా విమానం లేస్తుంటే, అట్టముక్క పట్టుకుని వరండాలో నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపించింది. పిలిస్తే వస్తాడని నమ్మకం లేదు. ముందు కారణం అడుగుతాడు.