తెల్ల కారు వెనక

ఈ ఉదయం అమెరికాలో, నోవై ఊళ్లో మేముండే అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో కొత్తగా తారు పోస్తున్నారు. ఆ వేడి వాసన కిటికీలోంచి రాగానే కాఫీ కప్పు పక్కన పెట్టేశాను. మా ఆవిడ కిటికీ మూస్తూ, "మళ్లీ ఆ రేసులేనా?" అంది. నేను కుర్చీలో నిటారుగా సర్దుక్కూర్చున్నాను. అద్దె ఇంట్లో ఉన్నంత మాత్రాన ప్రతిదానికీ సంజాయిషీ ఇచ్చుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

పిల్లలు లేని మా పెదనాన్న ఇక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ పెట్టి, సంపాదించి, గంట దూరంలో మూతపడిన మట్టి ట్రాక్ ఒకటి కొన్నారు. చుట్టుపక్కల ట్రాకుల వాళ్లందరినీ ఒప్పించి, వేసవిలో శనివారానికొక చోట జరిగేలా రేసుల సిరీస్ మొదలుపెట్టారు. ఆఖరి పోటీ మాత్రం మా దగ్గరే, కప్పు ఇచ్చేదీ మా ఇంటివాళ్లే. మెకానిక్కులు, పాడి రైతులు, స్కూల్ బస్సు డ్రైవర్లు వారమంతా షెడ్లలో పాత కార్లు బిగించుకుని వచ్చేవారు. పోటీకి ముందు ట్రాక్ తడిపితే దమ్ము చేసిన మడిలా ఉండేది. కార్లన్నీ దాని మీద మెల్లగా తిరిగి, టైర్లతో బంకమట్టిని తొక్కి గట్టిపరచాలి. తొక్కనివాడికి పోటీలో చోటు లేదన్నది పెదనాన్న పెట్టిన నియమం. ముందు ఆయన తెల్ల కారు, పక్క సీట్లో ఫ్యాక్టరీలో ఆయన కింద పనిచేసే నేను, వెనక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, మొత్తం. అద్దంలో ఆ వరస చూసుకుంటూ ఆయన మీసం సర్దుకునేవారు. ఊరేగింపుకి ఏ లోటూ లేదు, కాస్త బురద ఎక్కువ, అంతే.

ఆ బురదే కొంప ముంచింది. ఒక ఏడు ఆఖరి పోటీకి తెలుగువాళ్లని పిలిచారు. మలుపులో లేచిన మట్టిపెళ్ల వచ్చి పెద్దమ్మ పట్టుచీర మీద పడింది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి వచ్చిన డాక్టరుగారు, "ఏంటి సార్, అమెరికా వచ్చినా పొలం దున్నడం మానలేదా?" అన్నారు. అందరూ నవ్వారు. పెదనాన్నా నవ్వారు. ఇంటికి చేరగానే బూట్ల మీది మట్టి గీకి గీకి తుడుచుకున్నారు. మరుసటి వసంతంలో ట్రాకంతా నున్నగా తారు పోయించారు.

ఎక్కువసార్లు కప్పు గెలిచిన ముసలి రేసరు ఆ తారుని బూటుతో రాసి చూశాడు. "బాస్, ఇది పార్కింగ్ లాట్. కారు జారకపోతే జనం దేనికొస్తారు?" అన్నాడు.

"బట్టలు పాడవకుండా చూడ్డానికి," అన్నారు పెదనాన్న.

తారు మీద మొదటి పోటీ రోజున అలవాటుగా తెల్ల కారు తీశారు. సగం చుట్టు తిరిగాక అద్దంలో చూశారు. వెనక ఎవరూ లేరు. తొక్కడానికి మట్టే లేదు కదా! కార్లు ట్రెయిలర్ల మీదే ఉన్నాయి, కొన్ని అప్పటికే గేటు వైపు తిరుగుతున్నాయి.

"ఆపేద్దామా, పెదనాన్నా?"

"మధ్యలో దిగితే బాగుండదురా."

అంతే నిటారుగా కూర్చుని, అంతే మెల్లగా, చుట్టు పూర్తి చేశారు. ఆ వేసవిలోనే సిరీస్ ఆఖరి పోటీ పక్క కౌంటీలోని మట్టి ట్రాక్‌కి తరలిపోయింది. కప్పు మీద మా ఇంటిపేరు తీసేశారని తర్వాత విన్నాను. ట్రాక్ మూతపడింది, అప్పుల్లో ఫ్యాక్టరీ పోయింది, చివరికి ఇల్లూ పోయింది. వారసుణ్ణి నేనే. నాకు దక్కింది ఆయన కూర్చునే తీరు.

ఇవాళ మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ల మేనేజరు తలుపు తట్టి, రేపటికి తారు ఆరుతుంది, కార్లు తిప్పుకోవచ్చని చెప్పి వెళ్లాడు. మా ట్రాక్ మీది తారు ఆరి ఎన్నేళ్లయిందో. పగుళ్లలో ఇప్పుడు గడ్డి మొలిచింది. కాలం దాన్ని మెల్లగా మళ్లీ మట్టి చేస్తోంది. తొక్కేవాళ్లు మాత్రం ఇక రారు.