చిరునవ్వుతో బడి మానేసిన అక్క

అప్పాయమ్మకి ఆ నవల మీద పుట్టిన రోత ఇంతా అంతా కాదు. కలకత్తా మెటియాబ్రుజ్‌లో దర్జీ కొట్లకి ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టే మనిషి. బడిలో అబ్బిన తెలుగు పోకుండా దొరికిన పుస్తకమల్లా చదువుతుంది. ఈ నవల తెచ్చిచ్చింది తమ్ముడు కూర్మయ్య. రేవు ఆఫీసులో గుమాస్తా, యూనియన్‌లో ఉపన్యాసకుడు. అది ఎర్రజెండా ప్రభుత్వం రెండోసారి గెలిచిన ఏడాది. ఉపన్యాసాలకు గిరాకీ బాగా ఉండేది.

నవల ఒక కుర్రాడు పెద్దవాడైన కథ. కొంత బాగుంది, కాదనడానికి ఆమెకి నోరు రాలేదు. కుర్రాడు మొదటిసారి బూట్లు తొడుక్కుని, మడమలు ఒరుసుకుపోయినా పైకి చెప్పకుండా నడిచిన ఘట్టం రెండుసార్లు చదివింది. కూర్మయ్యా అలాగే నడిచేవాడు. కానీ నవల్లో ఆ కుర్రాడి చదువు కోసం అక్క బడి మానేస్తుంది. ఎలా? 'చిరునవ్వుతో'. అంతే, ఒక్క వాక్యం. ఆ తర్వాత కుర్రాడి బెంగ, కుర్రాడి ఒంటరితనం, కుర్రాడి కిటికీలోంచి కనబడే వాన, పేజీలకు పేజీలు. అక్క మధ్యమధ్య అన్నం వడ్డించడానికి వస్తుంది. మళ్లీ నవ్వుతుంది. అప్పాయమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఆదివారం పొద్దున్నే కూర్మయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాడు. భవానీపూర్‌లో ఆ నవల మీద సభ.

"తయారవక్కా. నిన్ను స్టేజీ మీద నిలబెట్టి, ఆ అక్కే ఈ అక్క అని సెప్తాను. మా యూనియన్ పెద్దలు, బెంగాలీ దాదాలు కూడా వస్తన్నారు."

"నాను రాను."

"ఏటయింది?"

"ఆ పిల్ల నవ్వింది. నాను నవ్వినానేటి? అయ్య నా పుస్తకాలట్టుకెళ్లి పాతకాయితాలోడికి అమ్మీసినాడు. నీళ్ల డ్రమ్ము ఎనకాల కూకుని ఎక్కిళ్లొచ్చీదాకా ఏడిసినాను."

కూర్మయ్య తెల్లబోయాడు. "మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"నువ్వెప్పుడడిగినావు? నీ బూట్లు కరిస్తే నూనె రాయమనడానికొచ్చీవోడివి."

"అది కాదక్కా, త్యాగం..."

"త్యాగం, గీగం అనకు. నాను ఇచ్చింది కాదు, లాక్కున్నది. ఆ మాట సెప్తావా సభలో? సెప్తానను, ఇప్పుడే సీర మార్సుకొస్తాను."

కూర్మయ్య చొక్కా మడత సరిచేసుకున్నాడు. "అక్కడ అది బాగోదక్కా" అని గొణిగి, బస్సుకు టైమైందంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ఎదురింటి అప్పలకొండమ్మ సభ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"మీ తమ్ముడు ఏం మాటాడినాడే! అక్కకి ఒంట్లో బాగోలేదంట, అయినా నవ్వుతూ ఎళ్లిరమ్మని సాగనంపిందంట. ఒకటే సప్పట్లు. నాకయితే ఏడుపాగలేదు."

అప్పాయమ్మ కాజాలు కుడుతున్న చొక్కా పక్కన పడేసింది.

"పొద్దున్న వోణ్ణి నాను తిట్టిన తిట్లు నీకినబళ్లేదేటే? ఎదురిల్లే గదా!"

"ఇనబడ్డాయి," అంది అప్పలకొండమ్మ. "అయినా వోడు సెప్పిందే బాగుందే."