దవాఖాన గోడ రంగు గిటారు

మా చర్చిలో ఆరాధన మధ్యలో నా పాత గిటారు ప్రాణం విడిచింది. ఆ సంగతి అందరికంటే ముందు ప్రకటించింది మా అత్తమ్మ. మూడో తీగ బిగించే మర విరిగి, తీగ 'టుయ్'మని సాగిపోయింది. పాట ఆగింది. ముందు వరసలో చాప మీద కూర్చున్న అత్తమ్మ, ముప్పయ్యేళ్ళు సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసిన గొంతుతో, "అయిపాయె. ఇగ అది బతకది బిడ్డా" అంది. చర్చంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వేసి, దగ్గినట్టు నటించి బైబిలు తెరిచారు.

నిజానికి ఆ గిటారు ఎప్పుడో మంచం పట్టింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మొదటి జీతం పొగరులో కొన్న చవక ఎలక్ట్రిక్ గిటారు అది. తీగలకీ చెక్కకీ మధ్య చీమల బారు తలెత్తుకుని పోయేంత సందు. నొక్కీ నొక్కీ నా వేళ్ళు కాయలు కాశాయి. పైగా ట్యూబులైటు వేస్తే చాలు, తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. చర్చి పెద్ద ఒకాయన ఆ రొద మైకుదనుకుని, వారం వారం వచ్చి మైకు నెత్తిన రెండు మొట్టికాయలు వేసి వెళ్ళేవాడు. నేను నోరు విప్పలేదు. పాపం, మైకు కూడా విప్పలేదు.

నేను సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటూ, రోజూ బస్సెక్కి పెన్‌పహాడ్ వైపు ఒక ఊరి బడిలో లెక్కలు చెప్పి వస్తాను. మా ఆయనది సాగర్‌లో కరెంటు ఉద్యోగం. వారానికోసారి ఇంటికొస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ అత్తమ్మా. పింఛను తీసుకున్న దగ్గర్నుంచీ ఆమెకు పొద్దు గడవటం లేదు. ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమయ్యేసరికి, ఎవరు ఎక్కడికి బయలుదేరినా తనూ సంచి సర్దుకుంటుంది. కొత్త గిటారు చూడటానికి మిర్యాలగూడ పోతున్నానంటే, "గిటారు గురించి నాకేం తెల్వది గని, అమ్మేటోని మొకం సూస్తే మనిషి ఎసుంటోడో తెల్సిపోతది" అని నాకంటే ముందు చెప్పులేసుకుంది.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సేటు దగ్గర వాయించని గిటారు ఉందని మా బడి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మిల్లు వెనకే ఇల్లు. ఆవరణంతా తవుడు వాసన. హాల్లో గోడకు, దేవుడి పటాల పక్కన వేలాడుతోంది గిటారు.

దాన్ని చూడగానే నేరుగా గోడ దగ్గరికే నడిచాను. బంగారం రంగు. మామూలు పసుపు కాదు, ఇత్తడి బిందె చింతపండుతో తోమి ఎండలో పెట్టినట్టు. సేటు దాన్ని దించి నా చేతుల్లో పెట్టాడు. ఆ బరువుకు ముందుకు తూలాను.

"కొని నాలుగేండ్లాయె టీచరమ్మా" అన్నాడు సేటు. "ఒక్క పాట గూడ రాలే. పొద్దంత మిల్లుల లొల్లి, ఇంటికొస్తే ఫోన్ల లొల్లి. గోడకు అందమని ఉంచిన."

"గింత బరువున్నది, బియ్యం బస్తనా?" అంది అత్తమ్మ.

"బరువుంటెనే సౌండ్ నిలబడతదంట అమ్మా."

నేను ఒక తీగ మీటాను. ఆ స్వరం నిలబడింది. ఎంతసేపంటే, నేను పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగి, కింద పెట్టేదాకా. ఆ క్షణంలో నన్ను నేను పెద్ద వేదిక మీద చూసుకున్నాను. కళ్ళు మూసుకుని, జుట్టు ఎగురుతూ, ఒక్కో తీగనూ మీటి జనాన్ని ఏడిపిస్తున్నాను. నా జుట్టు జడ వేసి, పైన క్లిప్పు పెట్టి ఉందన్న సంగతి కూడా ఆ వేదిక మీద గుర్తు రాలేదు.

సేటు మంచివాడు. "రెండు వారాలు ఇంట్ల పెట్టుకోండి. నచ్చినాకనే బేరం మాట్లాడుదాం" అన్నాడు. బేరం అనగానే అత్తమ్మ ముఖం వెలిగింది గానీ, రెండు వారాలు ఆగాలనేసరికి మళ్ళీ దిగాలుపడింది.

తిరుగు బస్సులో కండక్టరు మా ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి జీరో టికెట్లు కొట్టి, మా మధ్య సీట్లో కూర్చోబెట్టిన గిటారు సంచి వైపు చూశాడు.

"మీ ఇద్దరికీ ఫ్రీ. మరి దీనికి?"

"అది గూడ ఆడదే. నడుము సూడు" అంది అత్తమ్మ.

"గట్లయితే ఆధార్ సూపియ్యమనండి" అని కండక్టరు పకపకా నవ్వి ముందుకెళ్ళిపోయాడు. బస్సు సూర్యాపేట చేరేదాకా ఆయన వెనక్కి చూసి నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి వారం నేను బంగారు గిటారుతో కాపురం చేశాను. బడి నుంచి రాగానే భుజానికి తగిలించుకుని అద్దం ముందు నిలబడేదాన్ని. అద్దంలో చాలా బాగుండేది. భుజం మాత్రం మరోలా చెప్పేది. పొద్దంతా బోర్డు మీద రాసిన చెయ్యి, దాని మీద ఈ బరువు. మూడో రోజుకు అత్తమ్మ నా భుజానికి నొప్పుల మందు రాస్తూ, "గిటారు కొంటున్నవా, జబ్బు కొంటున్నవా?" అని అడిగింది.

"అలవాటైతే అదే పోతుంది అత్తమ్మా" అన్నాను. నడవనివ్వని కొత్త చెప్పుల గురించి కూడా మనం ఇలాగే అంటాం.

ఆదివారం ఆ గిటారుతో చర్చిలో నిలబడ్డాను. రొద లేదు. మైకు బతికిపోయింది. కానీ నేను మామూలుగా వాయించినట్టు పాట వెనక తాళం పట్టుకుని నడుస్తుంటే, ఈ గిటారు ప్రతి దెబ్బనూ సాగదీస్తోంది. ఒక దెబ్బ చల్లారకముందే రెండోది దాని మీద పడి, అన్నీ కలిసి పప్పులో పులుసు పోసినట్టయ్యాయి. సరే, ఈ గిటారు ఒంటరి స్వరాలకు పుట్టింది కదా అని, పాట మధ్యలో ఒక పొడుగాటి ఆలాపన మొదలెట్టాను. అది ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. పాడేవాళ్ళు రెండుసార్లు చరణం అందుకోబోయి ఆగిపోయారు.

ఆరాధన అయ్యాక అయ్యగారు దగ్గరికొచ్చి, ఎంతో మెత్తగా అన్నారు: "మంచిగ వాయించినవమ్మా. గని నడుమ మేం ఏ చరణంల ఉన్నమో మాకే తెల్వలే."

తప్పు నాదని ఒప్పుకోవటానికి మనసు రాలేదు. గిటారులో తీగల ఎత్తు సరిచేస్తే అంతా సర్దుకుంటుందనుకున్నాను. కోదాడ బస్టాండు దగ్గర పాత వాయిద్యాలు బాగుచేసి అమ్మే ఒకాయన ఉన్నాడని విన్నాను. ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడట. రెండో శనివారం సెలవు కలిసొచ్చి, బంగారు గిటారును తీసుకుని, అత్తమ్మతో సహా కోదాడ చేరాను.

ఆయన దుకాణం ఒక చిన్న గది. హార్మోనియాలు, తబలాలు, పగిలిన కీబోర్డులు, గోడకు నాలుగైదు గిటార్లు. ఆయన నా గిటారును అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి, నన్ను చూశాడు.

"గిటారు శుభ్రంగా ఉందండీ. దీనికేం జబ్బు లేదు. మీ సంగతి చెప్పండి. కూర్చుని వాయిస్తారా, నిలబడా?"

"నిలబడే. గంటన్నర."

"ఏదీ, చెయ్యి చూపించండి." డాక్టరు అడిగినట్టు అడిగాడు. చూపించాను. "చిన్న చెయ్యి. సరే. ఒక్కో తీగా మీటి ఏడిపిస్తారా, అన్ని తీగలూ కలిపి కొట్టి పాటను నడిపిస్తారా?"

"రెండూ" అన్నాను తల ఎగరేసి.

"అందరూ రెండూ అనే అంటారండీ" అని నవ్వాడు. "ఓ పని చేయండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏం వాయించుకుంటారో అది వాయించండి. నేను చూడను." నిజంగానే స్టూలు తిప్పుకుని, రోడ్డు వైపు ముఖం పెట్టి, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అత్తమ్మ కూడా నాకు వీపు తిప్పింది, చాలా కష్టం మీద.

ఎవరూ లేనప్పుడు నేను ఆలాపనలు చేయను. ఒకే నాలుగు కార్డులు, అంటే స్వరాల గుత్తులు, తిప్పి తిప్పి కొడుతూ, మధ్యలో అరచేతి అంచుతో తీగలను అదిమి ఆపి, ఆగిన చోట దెబ్బ వేస్తూ ఉంటాను. దాన్ని సంగీతం అనాలని కూడా నాకెప్పుడూ తోచలేదు. చెయ్యి ఊరికే ఉండలేక చేసే పని. అదే వాయించాను.

ఆయన టీ పూర్తయ్యేదాకా విని, ఇటు తిరిగాడు. "ఈ దరువు ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఎక్కడా నేర్చుకోలేదు. మా నాన్న డప్పు కొట్టేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని తొడ మీద కొట్టేదాన్ని."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. నాన్న వేసవి ఎండలో మంట పెట్టి డప్పు కాచేవాడు. తోలు బిగిసిందో లేదో చూడటానికి చివరి దెబ్బలు నన్ను వేయనిచ్చేవాడు. నా గిటారులో ఆయన ఉన్నాడని నేను ఏ రోజూ అనుకోలేదు.

"మీ కుడిచెయ్యి చాలా బాగుందండీ" అన్నాడాయన. "అందరూ ఎడమచేతి వేళ్ళనే చూస్తారు, కుడిచేతిని ఎవరూ పట్టించుకోరు. మీకు గిటారంటే తీగలున్న డప్పు. కొట్టగానే పలకాలి, ఆపగానే ఆగాలి. ఈ బంగారు తల్లేమో ఆపినా ఆగదు. దాని తప్పూ లేదు, మీ తప్పూ లేదు. మీ ఇద్దరికీ కుదరలేదు, అంతే."

ఇన్నేళ్ళలో నా కుడిచేతిని ఎవరూ మెచ్చుకోలేదు. ఏం చేయాలో తెలియక దాన్ని కొంగు కింద దాచుకున్నాను.

ఆయన గోడ మీద గిటార్లు దించబోతుంటే నా కన్ను అప్పుడే ఒక ఎర్రటిదాని మీద పడింది. అత్తమ్మ అది కనిపెట్టేసింది. "ఆగుండ్రి సారూ" అని లేచి, చేతిరుమాలు నా కళ్ళకు కట్టింది. నర్సు కట్టు కదా, ఇంత వెలుతురు కూడా జొరబడలేదు. "నువ్వు రంగు సూసి ఆగమైతున్నవ్ బిడ్డా. గిప్పుడు వాయించు."

కోదాడ బస్టాండు దగ్గర, పట్టపగలు, కళ్ళకు గంతలతో లెక్కల టీచరు. ఎవరైనా విద్యార్థి తల్లిదండ్రులు అటుగా పోతే నా సంగతి ఏమయ్యేదో!

మొదటిది చేతికిచ్చారు. పట్టుకునే కర్ర రోకలిలా ఉంది, వద్దన్నాను. రెండోది చేతికి బాగానే ఉంది గానీ దెబ్బకు చప్పగా పలికింది. మూడోది ఒళ్ళో పడగానే బరువును బట్టి మా బంగారమేనని తెలిసిపోయింది. ఆయన కావాలనే ఇచ్చాడు. నాలుగోది వచ్చింది. ముందు దాని బరువే తెలియలేదు. వేళ్ళు కర్ర చుట్టూ వాటంతటవే సర్దుకున్నాయి. దరువు వేశాను. కొట్టగానే పలికింది, అదిమితే ఠక్కున ఆగింది. ఆగిన చోట ఎంత చక్కటి నిశ్శబ్దం ఉందంటే, దాని మీద ఇంకో దెబ్బ వేయకుండా ఉండలేకపోయాను. అలా ఎంతసేపు వాయించానో తెలియదు. అత్తమ్మ కాలితో తాళం వేస్తున్న చప్పుడు వినిపించింది.

"గిదే" అంది అత్తమ్మ. నేను అనకముందే.

రుమాలు విప్పి చూశాను. లేత ఆకుపచ్చ. అదీ కళ కలిగిన ఆకుపచ్చ కాదు. అంచున పెచ్చు లేచింది, వెనక ఒక గీత.

అత్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓ దేవా! మా ఆడోళ్ల వార్డు గోడలు గిదే రంగు! ముప్పయ్యేండ్లు గా గోడలు సూసి సూసి బయటవడ్డ. మల్ల ఇంట్లకు తెస్తవా?"

నాకూ మనసు కలుక్కుమంది. "రంగు మార్చవచ్చా అండీ?" అని అడిగాను.

"మార్చొచ్చండీ. కానీ వాయించేటప్పుడు మీకు కనపడదు కదా, ఎదుటోళ్ళకి కదా కనపడేది! లోపల పికప్పులు నేనే మార్చానండీ. తీగ చప్పుడుని పట్టుకునేది అవే. ట్యూబులైటు కింద కూడా నోరెత్తవు."

ఆ తర్వాత బేరం అత్తమ్మది. పెచ్చు, గీత, రంగు, మూడింటినీ విడివిడిగా ఎత్తి చూపించి, చివరికి ఆయన "మీరు మా దుకాణంలో కూర్చోండమ్మా, నేను ఇంటికి పోతాను" అనేదాకా తీసుకొచ్చింది.

ఇక మిగిలింది సేటుకు వద్దని చెప్పడం. నాకు అదే గుబులు. మర్నాడు ఆకుపచ్చ గిటారుతో ఆరాధన అయ్యాక మిర్యాలగూడ బస్సులో దారి పొడవునా మాటలు అల్లుకున్నాను. సేటు గేటు దగ్గరే ఎదురై, నేను నోరు తెరవకముందే చేతులు నలుపుకున్నాడు.

"టీచరమ్మా, ఒక మాట. ఏమనుకోవద్దు. అది పోయిన సంది గోడ బోడిగ కనవడుతున్నది. అన్నం తింటుంటే కన్ను గాడికే పోతున్నది. అమ్మబుద్ధి అయితలేదు."

నేను బంగారు గిటారు సంచి ఆయన చేతుల్లో పెట్టిన వేగం చూసి ఆయనే బిత్తరపోయాడు.

"మల్ల గోడకు వేలాడదీసుడేనా సేటూ?" అంది అత్తమ్మ.

"లేదమ్మా. నేర్సుకుంట. టీచరమ్మ నేర్పుతనంటే."

అత్తమ్మ ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, వేళ్ళు తిప్పి చూసింది. "ముందుగాల గోర్లు కత్తిరించుకో. గీ గోర్లతోని తీగలు నొక్కుతవా?"

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం పూట, సేటు బంగారు గిటారుతో సూర్యాపేట వచ్చి మా ముందు గదిలో కూర్చుంటాడు. ఆయనకు తొందర లేదు, ఒక్క స్వరం మీటి అది చల్లారేదాకా తృప్తిగా వింటాడు. ఆ బరువైన గిటారు నిజంగా ఆయన కోసమే పుట్టింది. ఆయనకు ఇప్పటికి మూడు కార్డులు వచ్చాయి. నాలుగోదానికి వేలు చాపగానే ప్రతిసారీ మిల్లు నుంచి ఫోన్ వస్తోంది.