మచ్చ లేని ఆకు

ఆకులకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం నా పని. బొమ్మ గీసేవాళ్లు కంటికి నచ్చనిది వదిలేయొచ్చు. అచ్చు అలా కాదు, ఆకు మీద ఉన్నదంతా కక్కేస్తుంది. అందుకే కౌలాలంపూర్‌లో నా అచ్చుల్ని మొక్కల శాస్త్రం వాళ్లూ కొంటారు, గోడకి అందమని హోటళ్ల వాళ్లూ కొంటారు.

ఈసారి అడిగింది రబ్బరు చేతి తొడుగులు ఎగుమతి చేసే ఒక కంపెనీ. విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదార్లకు కానుకగా రబ్బరు ఆకు అచ్చు కావాలట. ఒక్క మచ్చ కూడా ఉండకూడదట. అదెంత పని అనుకున్నాను. సుంగై పెటాని దగ్గర మా అక్కకి రబ్బరు తోట ఉంది. బావ పోయాక ఆ రబ్బరు పాల మీదే పిల్లల్ని చదివించుకుంది.

తోటలోకి అడుగు పెట్టగానే తలెత్తి చూశాను. ఆకు రాల్చే కాలం కాదు, అయినా నెత్తిన ఆకాశం కనబడుతోంది. తెగులు. గాలికే అంటుకునేది, చుట్టుపక్కల తోటలన్నిటికీ ఉంది. మందు కొట్టీ కొట్టీ అక్క అలిసిపోయింది. నరికేసి ఆయిల్ పామ్ వేసుకోమని అందరూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు.

“మచ్చ నేని ఆకు ఒక్కటి దొరికితే సాలు, నాను నరికించను లా,” అంది అక్క, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ చేర్చి.

దొరక్కపోతే ఏం చేస్తావని అడిగే ధైర్యం నాకు లేదు. కళ్లలో ఒత్తులు వేసుకుని చెట్టు చెట్టూ వెతికాం. నిచ్చెన వేశాం, కొమ్మలు వంచాం. కంపెనీ సంగతి ఎప్పుడో మర్చిపోయాను. అక్క పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. దేవుడా, ఒక్క ఆకు ఇస్తే నీ సొమ్మేం పోయింది అని నేను లోపల్లోపల దెబ్బలాడుతున్నాను.

పొద్దు వాలుతుండగా కాలవ పక్క చెట్టుకి దొరికింది. ఒకే కాడకి మూడు ఆకులు, నిగనిగలాడుతూ. వెలుగుకి పట్టి చూశాం. ఏమీ లేదు.

“సూసినావా? నా తోట సావనేదు,” అంది అక్క. దాన్ని పసిబిడ్డని తెచ్చినట్టు ఇంటికి తెచ్చింది.

వరండాలో సిరా పూసి, కాగితం పరిచి, రోలరు తిప్పాను. కాగితం ఎత్తి చూశాను. ఆకు ఈనెల మధ్య సన్నటి వలయాలు. మా కంటికి ఆననివి సిరాకి ఆనాయి. దాచేద్దామనుకున్నాను, కానీ అక్క అప్పటికే నా వెనక నిలబడి ఉంది.

“ఏటవి?” అంది. నేను రోలరు తుడవడం మొదలుపెట్టాను. ఆమె మళ్లీ అడగలేదు.

తెగులు మీద పరిశోధన చేసే ఒకావిడ ఆ అచ్చు చూసి మురిసిపోయింది, తొలి దశ ఇంత బాగా తెలియడం అరుదట. కంపెనీ వాళ్లు కంప్యూటర్లో మచ్చలు చెరిపేసుకున్నారు. ఇద్దరి పనీ అయింది. తోటలోకి యంత్రాలు వచ్చాయి.

ఫ్రేము కట్టిన అచ్చు కంపెనీ నాకూ ఒకటిచ్చింది. ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్లానో గాని, అక్కకే తీసుకెళ్లాను. అద్దం మీద మూడు ఆకుల్నీ వేలితో తడిమి, తిరిగి నా చేతికిచ్చేసింది.

“ఇది మనది కాదు లా,” అంది. “మన ఆకుకి మచ్చలున్నాయి. అదుంటే నాకియ్యి.”