మోతీ మెడలో గన్నేరు దండ

మా చిన్నప్పుడు... దసరా నాడు మల్లయ్య టాంగా వస్తోందంటే పిల్లలం గేటు దగ్గరే కాపలా. ఏడాదంతా మమ్మల్ని తార్నాక నుంచి మెట్టుగూడ బడికి తీసుకెళ్లే గుర్రం మోతీకి ఆ రోజు స్నానం, నుదుట పసుపు కుంకుమ. బడి పిల్లలున్న ప్రతి ఇంటి ముందూ ఆగేది, ఆ ఇంటివాళ్లు ఒక దండ వేసేవాళ్లు. సాయంత్రం మల్లయ్య మళ్లీ వచ్చి, దసరా ఆనవాయితీగా మంచి కోరుతూ నాన్నగారి చేతిలో జమ్మి ఆకు పెట్టి కౌగిలించుకునేవాడు.

మాది కృష్ణా జిల్లా. నాన్నగారు యూనివర్సిటీలో సంస్కృతం చెప్పేవారు. ఒక ఏడు క్యాంపస్‌లో గొడవలు... ఎవరు ఇక్కడివాళ్లో, ఎవరు మాలా కోస్తా నుంచి వచ్చినవాళ్లో కనుక్కుని గానీ మాట కలపని రోజులు. మల్లయ్య కూడా మాతో ముక్తసరిగానే ఉండేవాడు.

అందుకే అందరికంటే పెద్ద దండ మాదే కావాలని నా పంతం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బంతిపూలు చాల్లేదు... క్వార్టర్స్ దడి వెంట ఎర్ర గన్నేరు విరగబూసి ఉంది. ఆకులతో సహా తుంచి ఇంత పొడుగు దండ కట్టి మోతీ మెడలో వేశాను. నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. మల్లయ్య దండ వంక చూశాడు, నాన్నగారి వంక చూశాడు. టాంగా తోలుకుపోయాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ, "గన్నేరు చెట్టంతా బోడి చేశావేమే, రేపు పూజకి పూలేవి?" అంది.

పాఠం చెప్పే అవకాశం నాన్నగారు ఎందుకు వదులుకుంటారు... "దాన్ని సంస్కృతంలో అశ్వమారకం అంటారు. అశ్వం అంటే గుర్రం, మారకం అంటే చంపేది. తింటే గుర్రమంతటిదీ బతకదని ఆ పేరు," అన్నారు పప్పు కలుపుకుంటూ.

కంచం ముందు నుంచి లేచిపోయాను. ఎవరికీ చెప్పకుండా వారాసిగూడ దాకా ఏడుస్తూ పరుగెత్తాను. మల్లయ్య ఇంటి ముందు మోతీ గడ్డి నములుతోంది. నా దండ దానికి అందకుండా ఇంటి పెంకుల మీదకి విసిరేసి ఉంది.

మల్లయ్య గడప మీంచి లేవలేదు. "ఏం బిడ్డా, సచ్చిందో లేదో సూడనీకి వచ్చినవా?"

"నాకు తెలీదు మల్లయ్యా..."

"నీకు తెల్వదు. గంత సదువుకున్న మీ నాయనకు తెల్వదా? కుర్చీల కూసొని సూస్తనే ఉండె గద."

నాన్నగారికి పుస్తకంలో పేరు తెలుసు గానీ దడిలో ఏ పువ్వుందో తెలీదు. పేపర్లోంచి తలెత్తితే కదా... అది మల్లయ్యకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం జమ్మి పెట్టడానికి మల్లయ్య రాలేదు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను... కొన్నాళ్లు నేను కూడా నాన్నగారి వంక అనుమానంగానే చూశాను.

మరుసటి దసరాకి అన్నీ బంతిపూలే కట్టాను. మల్లయ్య దండ చేతిలోకి తీసుకుని, నాన్నగారి ఎదుటే, పువ్వు పువ్వూ విడదీసి చూశాడు. ఆ తర్వాతే మోతీ మెడలో వేశాడు. సాయంత్రం జమ్మితో వచ్చాడు.

టాంగా అమ్మేసేదాకా ప్రతి దసరాకీ అంతే... దండ వెతికి చూడడం మానలేదు, జమ్మి పెట్టడమూ మానలేదు.

మొన్న తార్నాక వెళ్తే రోడ్డు మధ్యన పొడవునా గన్నేరు పూసి ఉంది. దాన్ని తింటుందేమోనని భయపడడానికి ఒక్క గుర్రమూ లేదు... అనుమానపడుతూనే మన గడపకి వచ్చే మల్లయ్యలూ లేరు. మీ ఇంటికి అలా వచ్చిన మనిషి ఎవరైనా ఉంటే... చెప్పండి, వినాలనుంది.