మాత్రల కోసం మా అత్త చేసిన గొడవ

మొన్న ఆదివారం మా అత్త, అంటే మా ఆయన తల్లి, పోయింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. వచ్చిన డాక్టరు నాడి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. ఆమె వినగలిగి ఉంటే "ఇంకోసారి సరిగ్గా సూడు నాయనా" అని ఉండేది.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: మంచిదే గానీ అనుమానం మనిషి. నిజమే. పాల పాకెట్టు మీది తేదీ చదివి, ముక్కు దగ్గర పెట్టుకుని గానీ కత్తిరించేది కాదు. తిరుపతిలో ఆటో ఎక్కితే దిగేదాకా డ్రైవరును దావ అడుగుతూనే ఉండేది. ఆడవాళ్ళ హక్కులంటూ సభల్లో అరిచే కోడలు ఇంట్లో ఏం చేస్తుందో అని నన్నూ నమ్మలేదు. నేనూ ఆమెను నమ్మలేదు.

కొన్నేళ్ళ కిందట నాకు మూడో నెలలో కడుపు నిలవలేదు. బిడ్డ గుండె కొట్టుకోవడం లేదని స్కానింగులో తెలిసింది. డాక్టరమ్మ తలెత్తకుండానే, "ఈరోజే అడ్మిట్ అయిపోండి, క్లీనింగ్ చేసేద్దాం" అంది. ఆస్పత్రికి నాతో వచ్చింది అత్తే. ఆమే అడిగింది.

"జొరం లేదు, నెత్తురు పోలా. తొందర ఎవురికి తల్లీ? ఇంకో దావ లేదా?"

ఉంది. కొన్నాళ్ళు ఆగి దానంతటదే పోతుందేమో చూడవచ్చు. మాత్రలు వాడవచ్చు. వాటితో పూర్తిగా పోకపోతే క్లీనింగ్ ఎలాగూ ఉంది. అడిగితే గానీ చెప్పరు. ఎందుకు చెప్పరు? నా అనుమానం నాకుంది, ఇప్పటికీ.

నేను మాత్రలన్నాను. ఏం జరిగినా నా ఇంట్లో, నా మనుషుల మధ్య జరగాలనిపించింది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చదివి, మందులషాపతను నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఇవి లేవు. మీ ఇంటాయన్ని పిలుచుకోని రాండి, సూస్తాం."

"ఇప్పుడు లేనివి మొగోడొస్తే పుట్టుకొస్తాయా?" అంది అత్త. "మావోడు తడ దగ్గర కంపెనీలో డ్యూటీలో ఉండాడు. ఈ పిల్ల కడుపులో బిడ్డ పోయిందబ్బా."

"అందరూ అట్లే సెప్తారమ్మా. కడుపు తీసేసుకునేదానికీ ఇవే మాత్రలు. రేపు చెకింగొస్తే తలనొప్పి మాకే."

అత్త షాపు మెట్టు మీద కూర్చుంది. వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పింది: "ఈయప్ప మందు పెట్టుకోనే లేదంటా ఉండాడు. తేదీ సూసుకోని కొనుక్కోండి." కాసేపటికి మాత్రలు దొరికాయి.

ఇంటికి వస్తూ నేను గొంతు చించుకున్నాను. బిడ్డ వద్దనుకుని వచ్చిన ఆడదే అయితే మాత్రం, డాక్టరు చీటీ ఉన్నప్పుడు వాడికెందుకు?

"దానికి నేనింకా ఒప్పుకోలా," అంది అత్త. "అయినా అడిగేదానికి వాడెవుడు?"

ఆ తగాదా మా మధ్య చివరిదాకా తేలలేదు.

మర్నాడు పొద్దున మాత్రలు వేసుకున్నాను. ఎదురింటావిడ వచ్చి, "బొప్పాయి గాని తినిందా?" అని గుసగుసలాడింది. బిడ్డ పోతే మొదట తల్లినే తవ్వుతారు.

"మా ఇంటికి బొప్పాయి రాలా, నువ్వే వచ్చినావు," అని అత్త తలుపు వేసింది.

మధ్యాహ్నానికి నొప్పులు మెలిపెట్టాయి. ప్యాడ్ల మీద ప్యాడ్లు తడిసిపోతుంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రమ్మని డాక్టరమ్మ చెప్పి ఉంది. బాత్రూములోంచి నేను "ఏం కాలేదత్తా, బాగానే ఉండా" అంటే ఆమె నమ్మలేదు. ప్రతి ప్యాడూ తానే చూస్తానంది, చూసింది. గడియ పెట్టనివ్వలేదు. గుమ్మం దగ్గర పీట వేసుకుని, పితికిపప్పు కూర కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చుంది. తలుపు మూసుకుపోకుండా సందులో పాదం అడ్డం పెట్టింది. లోపలి నుంచి నాకు కనిపించింది అదొక్కటే: పగిలిన మడమ, అరిగిన మెట్టె, వేళ్ళ మీద రాలిన తడి తొక్కలు.