చుక్కల లోకానికి డాక్టర్లు పోయిన నాటకం

నా కూతురి చెంపలు చూసి ఎవరైనా ఎంత నునుపో అంటే నేను తల దించుకుంటాను. కూతుర్ని పొగిడితే తల్లి సిగ్గుపడుతోందని అనుకుంటారు. అనుకోనీండి. ఆ నునుపు ఎట్లా మిగిలిందో నాకు తెలుసు, మా అత్తకు తెలుసు. అత్త ఇప్పుడు లేదు.

అప్పటికి మా తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కొత్త రాష్ట్రం వచ్చింది, ఇక రోడ్లొస్తాయి, కరెంటొస్తుందని మార్కాపురం పోయొచ్చిన ప్రతివాడూ చెప్పేవాడు. మా పల్లెకు మాత్రం అన్నిటికంటే ముందు టీకాలోళ్ళు వచ్చారు.

నేను గిద్దలూరులో ఎనిమిదో తరగతి దాకా చదివి, తర్లుపాడు అవతల గొర్రెలు కాసుకునే పల్లెకు కోడలిగా వచ్చాను. ఆ చదువుతో అక్కడ గొర్రెకు ఉన్ని కూడా కత్తిరించలేమని నాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది. మామ లేడు. కోతలు కాగానే మా ఆయన మందను తోలుకొని యర్రగొండపాలెం వైపు అడవి అంచుకు పోతే, మళ్ళీ వానలు పడినాకే ఇల్లు చూసేది. ఇంట్లో మిగిలేది నేను, అత్త, చంకలో పాప. ఇంట్లో అత్త మాటే మాట.

అత్త మొహం నిండా గుంటలు. చిన్నప్పుడు పెద్దమ్మవారు, అదే మశూచి, పోసి చచ్చి బతికిందట. ఒక కంటి రెప్ప సగం వాలిపోయి ఉండేది. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు ఆమెను చూసి మా అమ్మ గతుక్కుమంది. కానీ ఆ పల్లెలో ఆ మొహానికున్న మర్యాద మా అమ్మకేం తెలుసు? అమ్మవారు ఒకసారి ముట్టిన మనిషిని మళ్ళీ ముట్టదు. అందుకని చుట్టుపక్కల ఎవరింట్లో పోసినా ముందు కబురు వచ్చేది మా అత్తకే. అట్లా పిలవడానికి వచ్చినవాళ్ళు నోరు తెరిచి చెప్పకూడదు. మా గడప మీద ఒక వేపమండ పెట్టి, వెనక్కి జరిగి నిలబడేవాళ్ళు. అత్త ఆ మండను కొప్పులో గుచ్చుకొని వాళ్ళ వెంట నడిచేది.

అమ్మవారున్న ఇంటికి తోడబుట్టినవాళ్ళు కూడా పోరు. ఆ ఇంట్లోవాళ్ళు తాలింపు వేయరు, తల దువ్వరు, వాకిలి దాటరు. అటువంటి ఇంట్లోకి అత్త ఒక్కతే పోయి కూర్చునేది. గీరుకోకుండా పిల్లల చేతులు పట్టుకునేది, వేపమండలతో విసిరేది, చల్లటి అంబలి నోట్లో పోసేది. పొక్కులు రాలినాక పసుపునీళ్ళు పోసి లేపేది. లేవని పిల్లల్ని తానే ఎత్తుకొని మట్టికిచ్చి వచ్చేది. మామూలు రోజుల్లో పెద్ద రైతులు మా వాళ్ళను అరుగు కూడా ఎక్కనీయరు. అమ్మవారు పోస్తే మాత్రం మా అత్త వాళ్ళ నట్టింట్లో కూర్చునేది. "అమ్మ ముద్దు పెట్టుకున్న మొహం" అనేవాళ్ళు. ఆ మొహాన్ని ఆమె ఏనాడూ కొంగుతో కప్పుకోలేదు.

అటువంటి మనిషి దగ్గరికి సూదులు పట్టుకొని వస్తే ఊరుకుంటుందా? జీపు దిగిన టీకాలోళ్ళకు దారి చూపిస్తూ పక్క ఊరి క్రైస్తవ మిషను బడి టీచరమ్మ వచ్చింది. అత్త వీధి మొగదలలో కర్ర పట్టుకొని నిలబడింది.

"అమ్మ తనంతట తాను వస్తాది, పోతాది. ఆమె వచ్చే దోవకు మీరు తలుపేసేదేంది?" అంది.

వెనక నుంచి మా కుర్రకారు రాళ్ళు విసిరారు. ఒకటి టీచరమ్మ నుదుటికి తగిలింది. ఆమె పైట చెంగు అదిమిపెట్టుకొని జీపెక్కింది. నేను తలుపు సందులోంచి చూశాను. నా జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చ ఉంది. దాన్ని రవికె చేతి కింద దాచుకొని, ఈ ఇంటి కోడలినైనందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

పాపకు టీకా వేయిద్దామని ఎన్నిసార్లు బతిమాలానో. ఒకసారి అత్త నా చెయ్యి లాగి ఆ మచ్చ చూసింది.

"నీ మచ్చ సూది పెట్టింది. నా మచ్చలు అమ్మ పెట్టింది. ఏది పెద్దది చెప్పు?"

నేను రవికె చెయ్యి కిందికి లాక్కున్నాను.

ఆ ఏడు మాఘంలో అర్ధవీడు వైపు పల్లెల్లో అమ్మవారు పోసిందని తెలిసింది. గడప మీద మండ పడింది, అత్త పోయింది. తిరిగొచ్చి, ఊరి బయటే స్నానం చేసి, బట్ట మార్చుకొని ఇంట్లోకి వచ్చింది. అన్నం ముందు కూర్చొని "ఇద్దరు పసిబిడ్డలు నిలవలేదే పిల్లా" అంది. తర్వాత పాపకోసం చేతులు చాపింది. నేను పాపను ఇవ్వడానికి వెనకాడాను. ఆమె చూసింది. చేతులు వెనక్కి తీసుకుంది.

ఇంతలో మిషను ఊర్లో కోతల పండుగ వచ్చింది. టీచరమ్మ మా పల్లెకు మళ్ళీ వచ్చి అందర్నీ పిలిచింది. నుదుటి మీద గాయపు మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. మధ్యాహ్నం పిల్లల నాటకం, నాటకమైనాక వేపచెట్టు కింద టీకాలు, ఇష్టమైనవాళ్ళకే అని చెప్పింది. నేను అత్త మొహం చూశాను. ఆమె టీచరమ్మ నుదురు చూస్తోంది.

టీచరమ్మ పోయినాక అత్త దొడ్లోకి పోయి ఒక మంచి పొట్టేలు పిల్లను విప్పింది. "రాయి మనూరోళ్ళు ఏసినారు. మన ఇంటి నుంచి ఏదన్నా పోవాల గదా" అంది. అట్లా బయలుదేరాం. పొట్టేలును ఆమె నడిపించింది, పాపను నేను ఎత్తుకున్నాను.

మిషను ఊరివాళ్ళు ఎక్కువమంది కూలికి పోయేవాళ్ళే. అయినా ఆ రోజు గుడి ముందు జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు కుప్పలు పోశారు. అత్త పొట్టేలును చూసి పాస్టరుగారు లేచి వచ్చి దండం పెట్టారు. పందిరి కింద మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆకాశంలోకి మనిషి పోయొచ్చాడని పేపర్లో పడి ఎన్నాళ్ళో కాలేదు. టీచరమ్మ దాని మీదే నాటకం రాసింది. చుక్కల్లో ఎక్కడ రోగమొచ్చినా పోయి వైద్యం చేసే డాక్టర్ల దండు ఒకటి ఉందట. శత్రువుల చుక్క మీద జబ్బు పడిందని తెలిసి, ప్రాణాలకు తెగించి మందులు తీసుకొని అక్కడికే బయలుదేరారు. తడికలు గుండ్రంగా చుట్టి, కిరసనాయిలు డబ్బాలు తగిలించి రాకెట్టు చేశారు. వెనక పచ్చిగడ్డి పొగ పెట్టారు. తెల్లబట్టలు, రొమ్ము మీద ఎర్ర సిలువ గుర్తుతో నలుగురు పిల్లలు అందులో దూరారు. "అంత దూరం పోయేవాళ్ళు దొడ్డికి యాడ పోతార్రా?" అని వెనక ఒక ముసలాయన అడిగితే పందిరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్తే.

రాకెట్టు దిగింది. శత్రువుల చుక్క మనుషులు వచ్చారు. ఒంటి మీద గొంగళ్ళు, చేతుల్లో కర్రలు. ముందు వాళ్ళ రాణి. ఈ లోకం వాళ్ళలాగా ఉండకూడదని పలకరాయి పొడి నీళ్ళతో కలిపి మొహానికి మందంగా పూసి, ఆరకముందే పుల్లతో గుంటలు పొడిచారు.

జనం విరగబడి నవ్వారు. రాణి కర్ర ఎత్తి "మా దోవకు అడ్డం రావద్దు, పొండి!" అంది. అంతలో మా వెనక నుంచి ఒక పిల్ల గొంతు గట్టిగా వినిపించింది.

"అమ్మో, ఈ అవ్వ గూడ ఆ చుక్క మీద నుంచే వచ్చినాదే!"

ఎవరో ఆ పిల్లను కొట్టారు. అయినా అప్పటికే తలలన్నీ ఇటు తిరిగాయి. నవ్వు ఆపుకోవాలని నోళ్ళు మూసుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది. అత్తను తీసుకొని కాదు. అత్త పక్కనుంచి. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఆడదు.

అత్త కొంగు లాగి మొహం కప్పుకుంది. ఆమె అట్లా కప్పుకోవడం నేను మొదటిసారి చూశాను.

నాటకం ఆగలేదు. మట్టిబెడ్డలు పడ్డాయి, ఒక డాక్టరు కూలిపోయాడు. చివరికి రాణికే రోగం తగిలింది. అయినా డాక్టర్లు పగ పెట్టుకోకుండా ఆమెను పడుకోబెట్టి, మందు పోసి, చెంబుతో నీళ్ళు తెచ్చి మొహం కడిగారు. పలకపొడి కారిపోయింది. గుంటలన్నీ పోయి, కింద పదేళ్ళ పిల్ల నున్నటి మొహం బయటపడింది. చప్పట్లతో పందిరి అదిరింది.

అత్త కొంగు సందులోంచి చూస్తోంది. నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"అట్ల పోతాయా యాడన్నా?"

ఎగతాళికి అడిగిందో, నిజంగానే అడిగిందో నాకు తెలియలేదు.

టీచరమ్మ తడిక వెనక నుంచి వచ్చి, మమ్మల్ని చూసి నిలబడిపోయింది. అప్పుడు తట్టింది ఆమెకు. పరుగున వచ్చి అత్త రెండు చేతులూ పట్టుకుంది. "పెద్దమ్మా, నిన్ను మనసులో పెట్టుకొని చేయలేదు. దేవుని తోడు, నాకు తోచనే లేదు" అని ఏడ్చేసింది. అది అబద్ధం కాదు. ఆమె ఎవర్నీ నొప్పించే మనిషి కాదు.

"నాకు తెల్సులేమ్మా. నాటకం బాగుంది" అంది అత్త.

తర్వాత నా ఒళ్ళోంచి పాపను ఎత్తుకుంది. ఈసారి నేను వెనకాడలేదు. నేరుగా వేపచెట్టు కిందికి నడిచి, టీకాల బల్ల ముందు నిలబడింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. అంతమంది పిల్లల చేతులు పట్టుకున్న మనిషి, ఆ బుల్లి చేతిని కదలనీయకుండా పట్టుకుంది. "నన్ను చూసి నవ్వినట్ల దీన్ని చూసి నవ్వగూడదు" అంది. ఎవరితోనూ కాదు. ఆమె వెనక మా పల్లెవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

నాకు సంతోషం కలిగింది. నెలల తరబడి నేను బతిమాలినా జరగని పని, పిడికెడు పలకపొడి చేసిపెట్టింది. పాప బతికి బట్టకడుతుందని కడుపు చల్లబడింది. తిరుగుదోవలో పక్కనే మొహం కప్పుకొని నడుస్తున్న మనిషిని చూస్తూ కూడా ఆ సంతోషం తగ్గలేదు. నా సిగ్గంతా దాని గురించే.

ఎండలు ముదిరినాక ఒక పొద్దున గడప మీద వేపమండ పడింది. అవతల ఎవరో కొత్తమనిషి, ఏ పల్లె నుంచో రాత్రంతా నడిచి వచ్చినట్టున్నాడు. అత్త మండను చూసింది. కొంగు ముందుకు లాక్కుంది. వంగి మండను గడప మీద నుంచి తీసి పక్కన పెట్టింది.

"నా మొహం ఎందుకు నాయనా. టీకాలోళ్ళను పిల్చుకోపో" అంది.

ఒంటి మీద పొక్కులు లేచినాక టీకా వేసి లాభం లేదని నాకు తెలుసు. అన్ని ఇండ్లు చూసిన మనిషి, ఆమెకు తెలియదా? ఆ కొత్తమనిషి ఎండెక్కేదాకా నిలబడి, మండ తీసుకొని వెళ్ళిపోయాడు. పొమ్మని నేనూ చెప్పలేకపోయాను, పోయిరా అత్తా అని ఆమెతోనూ అనలేకపోయాను. తర్వాత మా గడప మీద ఎవరూ మండ పెట్టలేదు.

పాపకు మాటలు బాగా వచ్చినాక, ఒకరోజు అవ్వ ఒళ్ళో కూర్చొని ఆమె చెంప మీద గుంటల్లో వేలు పెట్టి ఆడుకుంటోంది. నేను పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తున్నాను.

"అవ్వా, ఈ గుంటలేంది?"

"నేను ఈ ఊరిదాన్ని కాదు బిడ్డా" అంది అత్త నవ్వుతూ. "ఆ పైన చుక్క ఉంది సూడు, ఆడి నుంచి వచ్చినా. డాక్టర్లు వచ్చి మొహం కడిగితే పోతాయంట. ఇంగా రాలేదు వాళ్ళు."

పాప ఒళ్ళోంచి దిగి, చెంబు ఈడ్చుకొచ్చి, నీళ్ళలో చెయ్యి ముంచి అవ్వ మొహం కడగడం మొదలుపెట్టింది. అత్త కొంగు పక్కకు తీసి, కండ్లు మూసుకొని కూర్చుంది. రొట్టె మాడిన వాసన వస్తోంది. నేను తల ఎత్తలేదు.